అవతలి మూల

వజీరున్నీసా పని మనుషుల్ని కాగితం మీద నిలబెట్టడం. అమీర్‌పేటలో, మైత్రివనం వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మెట్ల మధ్య ఇరుక్కున్న ఆమె డీటీపీ దుకాణం ముందు పొద్దున తొమ్మిదింటికే పిల్లలు చేరతారు. నిన్న సాయంత్రం ఊరి బస్సు దిగినవాడు కూడా తనకు మూడేళ్ల అనుభవం ఉందని టైపు చెయ్యమంటాడు. "నువ్వు చెప్పింది నేను కొడ్తా, నిజమని సంతకం నువ్వు పెట్టుకో" అంటుందామె. దొంగ సర్టిఫికెట్ మాత్రం ఎంత బతిమాలినా చేసిపెట్టదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని కాబట్టి, ఏ కాగితంలో ఎంత గాలి ఉందో మార్జిన్లు సరిచేసేలోపే తెలిసిపోతుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం దుకాణంలో ఉన్నట్టుండి వెలుతురు తగ్గింది. తల ఎత్తి చూస్తే గుమ్మం నిండా ఒక పిల్ల. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. కాస్త పక్కకు తిరిగి, స్పైరల్ బైండింగ్ మిషన్‌కు తగలకుండా పొట్ట లోపలికి పీల్చుకుని వచ్చి, స్టూలు మీద కూర్చోబోయి, దాని కాళ్ల వంక అనుమానంగా చూసి నిలబడే ఉంది.

"కూచో బేటా, ఏం గాదు. దాని మీద మా ఆయన కూచుంటడు" అంది వజీరున్నీసా.

వెనక లామినేషన్ మిషన్ దగ్గరున్న మొహియుద్దీన్ దగ్గాడు. ఆ పిల్ల పకపకా నవ్వి కూర్చుంది.

పేరు ఫెయిత్. ఉండేది బోరబండ. కుడి బొటనవేలికి తెల్ల ప్లాస్టర్ చుట్టి ఉంది. బ్యాగులోంచి రెండు పేజీల ఫారం తీసింది. పంజాగుట్టలో ఒక బాక్సింగ్ అకాడమీవాళ్లు డెబ్బై అయిదు కిలోలు దాటిన అమ్మాయిల కోసం కొత్త బ్యాచ్ పెడుతున్నారట. దానికి అసిస్టెంట్ కోచ్ కావాలి. ఒక్కటే పోస్టు, గురువారం ఆఖరు రోజు.

"తప్పుల్లేకుండ చెయ్యాలె ఆంటీ. నేను నింపితే పేరు కాడ బరువు రాస్త, బరువు కాడ పేరు రాస్త."

రెండో పేజీలో ఒక పట్టిక ఉంది. పోటీ పేరు, సంవత్సరం, పతకం, పాయింట్లు. బంగారానికి పది, వెండికి ఆరు, కంచుకు మూడు. కింద చిన్న అక్షరాల్లో, అందరికంటే ఎక్కువ పాయింట్లు ఉన్న ఒక్కరినే డెమోకు పిలుస్తామని రాశారు.

వజీరున్నీసా గళ్లు కొట్టుకుంటూ అడుగుతుంటే ఫెయిత్ పోటీల పేర్లతోపాటు కథలు కూడా చెప్పసాగింది.

"కరీంనగర్‌ల గామె ఉంటది ఆంటీ, ఎడమచేతి వాటం. మూడు రౌండ్లు నన్ను ఏడ దొరికితే ఆడ కొట్టింది. నేనేమో ఆమె ఏడున్నదో ఎతుక్కునుడే సరిపోయింది. గది వెండి."

"గిది?"

"గది కంచు. ఖమ్మం ఆమె. మొదటి రౌండు నాదే. రెండోది సుత నాదే అనుకున్న. గంట కొట్టినంక తెలిసింది, నేను తప్ప ఎవ్వరు గట్ల అనుకోలేదని."

ఓడినవన్నీ పెళ్లి ముచ్చట్లు చెప్పినట్టు చెబుతోంది. వజీరున్నీసాకు బాక్సింగ్ అంటే మొగుడి ఫోనులో వినబడే అరుపులు తప్ప ఏమీ తెలియదు. అయినా వేళ్లు ఆపి వింటోంది.

"మరి నువ్వు ఎవ్వర్నీ కొట్టలేదా?"

"ఎందుకు కొట్టలే? తొమ్మిదిసార్లు నేనే గెలిచిన. ఎనిమిదిసార్లు ఓడిన."

"గవి ఏడ రాయాలె?"

"గవి రాయనీకి జాగ ఇయ్యలే ఆంటీ. పతకం ఒక్కటే అడిగిండ్రు."

రెండు వెండి, నాలుగు కంచు. మొత్తం ఇరవై నాలుగు. ఆ అంకె చూసినప్పుడు మాత్రం ఫెయిత్ కాసేపు నవ్వలేదు. పార్సిళ్ల గోదాములో పని చేస్తోందట. షిఫ్టులు మారినప్పుడల్లా ప్రాక్టీసు పోతోంది. "గీ కోచ్ పని వస్తే రింగ్ కాడనే ఉంటా. రాకుంటే మా మమ్మీ గ్లవ్స్ అటక మీద పెడ్తనంటుంది. ఆమె మాట మీద నిలబడే మనిషి ఆంటీ, అదే ఫికర్" అంది. ఫొటో తీసుకుని బుధవారం వస్తానని లేచి, స్టూలును రెండు చేతులతో ఎత్తి జాగ్రత్తగా పక్కన పెట్టి వెళ్లింది.

మంగళవారం అదే ఫారం మళ్లీ వచ్చింది. ఈసారి తెచ్చినామె ఫెయిత్ కంటే నాలుగు వేళ్ల పొడవు. నల్ల కుర్తా, తెల్ల చున్నీ, చేతిలో బరువైన ఫైలు. ఒక్కో సర్టిఫికెట్ ఒక్కో ప్లాస్టిక్ కవరులో ముడత లేకుండా ఉంది. పేరు అర్జూ, యూసుఫ్‌గూడ. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయిదు ఉన్నయి ఖాలా" అని మాత్రం అంది.

అయిదూ బంగారాలే. ఎనభై ఒక్క కిలోల పైబడిన విభాగం, అయిదేళ్లు వరసగా. పట్టిక అయిదు నిమిషాల్లో అయిపోయింది. మొత్తం యాభై. వజీరున్నీసా మనసులో ఇరవై నాలుగు మెదిలి, ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. సర్టిఫికెట్ల వెనక ఆ పోటీల ఫలితాల షీట్లు కూడా ఉన్నాయి. ఒక్కొక్కటీ స్కానర్ మీద పెడుతుంటే అర్జూ పేరు పక్కన పాయింట్లుండాల్సిన చోట రెండే అక్షరాలు కనబడ్డాయి. డబ్ల్యూ, ఓ. రెండో షీటులో అవే. మూడోదానిలోనూ అవే. అయిదింటిలోనూ అవే.

"ఏమండీ, డబ్ల్యూ ఓ అంటే?" అని వెనక్కి తిరిగి మెల్లగా అడిగింది.

"వాకోవర్. అవతలామె రాకపోతే ఇవతలామె గెలిచినట్టు" అన్నాడు మొహియుద్దీన్, ఎవరి కాగితమో చూడకుండానే.

వజీరున్నీసా స్కానర్ మూత దించింది. "అయిదుసార్లూ అవతలోళ్లు రాలేదా బేటా?"

"రాలే" అంది అర్జూ. అంతే. ఫైలు సర్దుకుని, "ప్రింటు బుధవారం తీసుకుంట, ఫొటో మార్చాలె" అని వెళ్లిపోయింది.

ఆ ఒక్క మాటలో వజీరున్నీసాకు బోలెడు పొగరు వినబడింది. ఒక్క దెబ్బ తినకుండా, ఒక్క దెబ్బ వెయ్యకుండా యాభై! పదిహేడుసార్లు రింగ్ ఎక్కినదానికి ఇరవై నాలుగు! ఇక్కడే ఈ సందులో, మూడేళ్ల అబద్ధపు అనుభవం రాసుకున్నవాడికి ఉద్యోగం వచ్చి, నిజంగా చదువుకున్నవాడు హాస్టల్ ఖాళీ చేసిన రోజులు ఆమె చాలా చూసింది. అప్పుడల్లా వచ్చే కోపమే ఇప్పుడూ వచ్చింది.

మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తింటూ మొగుణ్ని అడిగింది. "మీరు రోజూ చూస్తరు గదా. ఎవరు గొప్ప అని ఎట్ల చెప్తరు?"

ఇరవై రెండేళ్లలో భార్య తనను బాక్సింగ్ గురించి అడగడం ఇదే మొదలు. మొహియుద్దీన్ రొట్టె పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

"చూడు వజీరా, రికార్డు ఒక్కటి చూస్తే మోసపోతం. ఒక హెవీవెయిట్ నలభై గెలుస్తడు. ఎవర్ని గెలిచిండని చూస్తే సగంమంది రేపోమాపో ఇంట్ల కూసునేటోళ్లే. ఇంకొకడు పది ఓడిపోతడు. ఎవరి చేతుల ఓడిండని చూస్తే అందరు చాంపియన్లే. ఎవడు పెద్దోడు? గీ పంచాదితోనే మా చాయ్ హోటల్ నడుస్తుంది. నిన్న జుల్ఫికర్ భాయ్ కప్పు ఇసిరికొట్టిండు."

"మరి కాగితం మీద ఎట్ల తెలుస్తది?"

"ఎవరితోని కొట్లాడిండు, ఎన్ని రౌండ్లు నిలబడ్డడు, గది రాస్తే తెలుస్తది."

వజీరున్నీసా చెయ్యి కడుక్కుని వచ్చి కొత్త పేజీ తెరిచింది. పైన 'అనుబంధం' అని కొట్టింది. ఫారంలో అడగనిది జతచెయ్యకూడదని ఎక్కడా రాయలేదు గదా. ఫెయిత్‌కు ఫోను చేసి, ప్రతి పోటీ వివరమూ పంపమంది. కోచ్ దగ్గరున్న షీట్ల ఫొటోలు గంటలో వచ్చాయి. ప్రత్యర్థి పేరు, ఊరు, రౌండ్లు, ఫలితం అని గళ్లు గీసి పదిహేడు వరసలు నింపింది. కరీంనగర్ ఎడమచేతి ఆమె పేరు కొడుతున్నప్పుడు కాస్త గట్టిగానే కొట్టింది.

బుధవారం పొద్దున ఫెయిత్ ఆ పేజీ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మో, నా బతుకంత గిండ్లనే ఉంది. కానీ ఆంటీ, ఎనిమిది ఓటములు రాసుకొని పోతే ఉద్యోగం ఇస్తరా?"

"ఓడినవంటే దిగినవని. దిగనోళ్లకు ఓటములు ఏడుంటయి?"

ఫెయిత్ ఆ మాటను లోపల రెండుసార్లు అనుకున్నట్టు పెదాలు కదిలించింది. తర్వాత సంతకం పెట్టి, తన ఫారం తీసుకుని, షిఫ్టు టైమైందని పరుగున వెళ్లిపోయింది. అంత మనిషి పరుగెత్తితే సందులో కుర్రాళ్లు గోడకు అతుక్కుని దారి ఇచ్చారు.

సాయంత్రం నాలుగింటికి అర్జూ కొత్త ఫొటోతో వచ్చింది. అప్పుడే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. వజీరున్నీసా మోకాళ్ల మీద కూర్చుని, కింది ట్రే లాగి, నలిగిన కాగితాన్ని ముక్క మిగలకుండా బయటికి తీసే పనిలో పడింది. తీసి, మసి వేళ్లు తుడుచుకుంటూ లేచేసరికి అర్జూ బల్ల మీదున్న చిత్తు ప్రింటు చేతిలోకి తీసుకుని చదువుతోంది. అది ఫెయిత్ అనుబంధం.

వజీరున్నీసా గబుక్కున చెయ్యి చాచింది. ఒకరి కాగితం ఇంకొకరి కంట పడనివ్వకపోవడం ఆ దుకాణానికున్న ఇంకో నియమం.

"అది నీది కాదు బేటా, ఇటియ్యి."

అర్జూ ఇవ్వలేదు. వరస వరసకూ వేలు ఆనించి కిందికి జరుపుతోంది. ఒకచోట వేలు ఆగింది.

"కరీంనగర్ ఆమెతోని మూడు రౌండ్లు నిలబడ్డదా!" అంది, మొదటిసారి గొంతు పెంచి. పదిహేడూ చదివాకే కాగితం కింద పెట్టింది. "నాకు సుత గిట్లనే చేసియ్యి ఖాలా."

"నీకెందుకు? నీకు యాభై ఉన్నయి."

"ఉన్నయి."

"గది పెడ్తే అయిదు వాకోవర్లు కనబడ్తయి. నిన్ను పిలవకపోవచ్చు."

అర్జూ ఈసారి అడక్కుండానే స్టూలు మీద కూర్చుంది. చున్నీ కొస వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ మాట్లాడింది.

"ఆరు నెలలు తయారైతా ఖాలా. పొద్దున అయిదింటికి లేసి ఉరుకుతా. బరువు చూస్తరు, డాక్టరు చూస్తడు. గ్లవ్స్ ఏసుకొని పైకెక్కుతా. అవతలి మూల ఖాళీ. రెఫరీ వచ్చి నా చెయ్యి ఎత్తుతడు, అందరు చప్పట్లు కొడ్తరు. నా బరువుల ఎవ్వరు ఉండరు, ఉన్నోళ్లు నన్ను చూసి పేరు తీసేసుకుంటరు. ఇంటికొస్తే మా అబ్బా మిఠాయి తెచ్చి పెట్టి, ఎట్ల కొట్టినవో చెప్పు బేటీ అంటడు. మొదటిసారి నిజం చెప్పిన. ఆయన మొఖం చిన్నగైంది. రెండోసారి నుంచి కథలు అల్లుతున్న."

నిన్న వజీరున్నీసాకు పొగరుగా వినబడిన 'రాలే' ఇప్పుడు వేరేలా వినబడుతోంది.

"ఒక్కసారి నేషనల్స్‌ల నిజంగ కొట్లాడిన. ఓడిపోయిన. అది ఫారంల లేదు, పతకం రాలే గదా. అది సుత రాయి."

"ఎంతసేపు నిలబడ్డవు?"

"నలభై సెకన్లు."

వెనక లామినేషన్ మిషన్ చప్పుడు ఆగిపోయింది. మొహియుద్దీన్ వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

"ఆలోచించుకో బేటా. గీ సందులకు వచ్చినోళ్లంత పెంచి రాయమనేటోళ్లే. తగ్గించి రాయమన్నదానివి నువ్వొక్కదానివే."

"అక్కడికొచ్చే పిల్లలకు నేనేం నేర్పాలె ఖాలా? ఒక్కదాన్నే నిలబడి చెయ్యి ఎత్తించుకునుడా?"

వజీరున్నీసా కుర్చీ దగ్గరికి లాక్కుంది. అవే గళ్లు, అవే అక్షరాలు, అదే సైజు. అయిదు వరసల్లో ప్రత్యర్థి గడి పక్కన 'బరిలోకి రాలేదు' అని కొట్టింది. ఆరో వరసలో నేషనల్స్, ఓటమి, నలభై సెకన్లు. ప్రింటు ఇవ్వబోతుంటే అర్జూ తెర వైపు వంగింది.

"ఖాలా."

"ఏంది?"

"ముప్పై ఎనిమిది. రెండు నేనే కలుపుకున్న."

మొహియుద్దీన్ ఇక ఆపుకోలేక పడీపడీ నవ్వాడు. వజీరున్నీసా నవ్వింది. అర్జూ ముఖం ఎర్రబడింది గానీ, అంకె మారిందో లేదో చూసుకునేదాకా తెర మీంచి కన్ను తీయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ముందు ఒకరి ఫోను, ఆ వెనకే ఇంకొకరి ఫోను. ఇద్దర్నీ డెమోకు పిలిచారు, శనివారం పదకొండు గంటలకు. ఫెయిత్ వాళ్ల మమ్మీకి ఆస్పత్రిలో ఆయా డ్యూటీ ఉంది, ఆంటీ తోడు రావాలి. అర్జూ రమ్మని అడగలేదు. "నువ్వు వస్తవా ఖాలా?" అని మాత్రం అడిగింది. ఇద్దరికీ వస్తానంది. మనసు మాత్రం ఫెయిత్ వైపే మొగ్గి ఉంది. ఆ పిల్ల పదిహేడు వరసలూ తన చేతుల మీదుగా వచ్చినవాయె.

శనివారం దుకాణం మొహియుద్దీన్‌కు అప్పగించి మెట్రో ఎక్కింది. ఒక్కటే స్టేషను, కూర్చుందామనుకునేలోపు పంజాగుట్ట వచ్చేసింది. అకాడమీ ఒక ఫర్నిచర్ దుకాణం కింద సెల్లార్లో ఉంది. మెట్లు దిగుతుంటేనే చెమట, తోలు, జండూబామ్ కలిసిన వాసన. నడుమ రింగ్, నాలుగు మూలల్లో ఒకటి ఎరుపు, ఒకటి నీలం, రెండు తెలుపు. పెద్ద కోచ్ నర్సింహులు ఒకప్పుడు తనూ హెవీవెయిటే. ఇప్పుడు మీసాలు నెరిశాయి గానీ భుజాలు తలుపంత ఉన్నాయి. చేతిలో రెండు అనుబంధాలూ ఉన్నాయి.

"ఆఫీసోళ్లు పాయింట్లు చూసి ఒక్కరినే పిలవమన్నరు," అన్నాడు. "నా జిందగీల గిసుంటి కాగితాలు చూడలే. ఒకామె ఓడినయన్ని రాసుకొచ్చింది. ఒకామె ఆడనేలేదని రాసుకొచ్చింది. అందుకే ఇద్దర్ని చూడాలనిపించింది. నెత్తికి గార్డులు పెట్టుకోండ్రి. రెండు నిమిషాల రౌండ్లు, మూడు."

అర్జూ ఎర్ర మూలలోకి వెళ్లి నిలబడి, అవతలికి చూసింది. నీలం మూలలో ఫెయిత్ పళ్లకు గార్డు కరుచుకుని, తాళ్లు పట్టుకుని గుంజిళ్లు తీస్తోంది. అర్జూ ఆమెను అలాగే చూస్తూ ఉంది. చాన్నాళ్లకు ఇంటికి చుట్టం వస్తే గుమ్మంలో నిలబడి చూసినట్టు ఉందా చూపు.

గంట కొట్టారు.

మొదటి రౌండు ఆట అంతా ఫెయిత్‌దే. అంత మనిషీ కాలి వేళ్ల మీద తేలుతోంది. ఎడమ చేత్తో రెండు, కుడి చేత్తో ఒకటి, వెనక్కి. అర్జూ చేతులు పొడుగే గానీ అవి వెళ్లేసరికి ఫెయిత్ అక్కడ ఉండదు. గాలిని గుద్ది గుద్ది అర్జూ రొప్పుతోంది. "అచ్ఛా, మస్తు!" అని వజీరున్నీసా తొడ చరిచింది. రెండో రౌండులో ఫెయిత్ కుడి చెయ్యి నేరుగా వచ్చి ముక్కు మీద తగిలింది. వజీరున్నీసా కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే అర్జూ పడలేదు. ఒకడుగు వెనక్కి వేసి, గ్లవ్‌తో ముక్కు తుడుచుకుని, దాని మీది ఎర్రటి మరక చూసుకుని నవ్వింది. ఇంతకాలం ఎవరో దాచిపెట్టుకున్న వస్తువు ఇప్పుడు తిరిగి ఇచ్చినట్టు నవ్వింది.

ఆ క్షణంలో గోడ మీది గడియారం చూశాడు నర్సింహులు. ముప్పై ఎనిమిది సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

మూడో రౌండులో అర్జూ గాలిని గుద్దడం మానేసింది. ఫెయిత్ దగ్గరికి వచ్చేదాకా ఆగుతోంది. ఒకటి తింటోంది, రెండు తింటోంది, మూడోదానికి జరుగుతోంది. "ఎత్తు! ఎడమ చెయ్యి ఎత్తు! వస్తుంది, వస్తుంది, ఇప్పుడు కొట్టు అర్జూ!" అని సెల్లారంతా మారుమోగింది. ఎవరో ఆడమనిషి, గొంతు చిరిగేలా. ఎవరా అని చూడబోతే చుట్టూ ఉన్న నలుగురూ తనవైపే చూస్తున్నారు. వజీరున్నీసా తాళ్లు పట్టుకుని నిలబడి ఉంది. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

అర్జూ ఎడమ చెయ్యి తిన్నగా వెళ్లింది. ధబ్‌మని చప్పుడు. ఫెయిత్ రెండడుగులు వెనక్కి వెళ్లి, తాళ్లకు ఆనుకుని, మెల్లగా కూర్చుండిపోయింది. నర్సింహులు ఎనిమిది అంకెలు లెక్కపెట్టేలోపే లేచి, తల విదిలించి, మళ్లీ మీదికొచ్చింది. చివరి గంట కొట్టినప్పుడు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, ఊపిరి కోసం తన్నుకుంటున్నారు.

నర్సింహులు ఇద్దరి మధ్యా నిలబడి ఫెయిత్ చెయ్యి ఎత్తాడు. "రెండు రౌండ్లు ఈమెయి. నేర్పనీకి కావాల్సినంత ఈమె దగ్గర ఉంది. సోమవారం నుంచి రా బిడ్డా."

ఫెయిత్ తలగార్డు తీసేసి రింగ్ మధ్యలో గిరగిరా తిరిగింది. పలకలు కిర్రుమన్నాయి. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని వజీరున్నీసా వంక చూసింది.

"ఆంటీ! నాకు తోడు రమ్మంటే వచ్చి, గామె పేరు అరుస్తున్నవా?"

వజీరున్నీసా నోరు తెరిచింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. చేతులు రెండూ ఎత్తి, తప్పయిందన్నట్టు చెవులు పట్టుకుంది. అందరూ నవ్వారు.

అర్జూ ముక్కులో దూది పెట్టించుకుని నర్సింహులు దగ్గరికి వచ్చింది. "సర్, కొత్త బ్యాచ్‌ల ఎంతమంది చేరిండ్రు?"

"ఇప్పటిదాక ఎవ్వరు చేరలే. ఇవాళనే మొదలుపెట్టినం గదా."

"నా పేరు రాసుకోండి."

నర్సింహులు మీసం మీద చెయ్యి వేసుకుని ఫెయిత్ వైపు చూశాడు. ఫెయిత్ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "అయిదు బంగారాలామె నాకు శిష్యురాలా! వచ్చే నెల స్టేట్ మీట్ ఉంది. నా బరువు సుత ఎనభై ఒకటి దాటింది, ఇప్పుడు నీ విభాగమే. నీకు నేర్పుడు నేనే, నీ చేతుల తన్నులు తినుడు నేనేనా?"

"తినకుంటె తినకు. కానీ రాకుంటె మాత్రం బోరబండకొచ్చి కొడ్త" అంది అర్జూ.

ఫెయిత్ ఆమె గ్లవ్ లాగి లోపలి కట్టు చూసి నాలుక చప్పరించింది. మణికట్టు దగ్గర వదులుగా, వేళ్ల మధ్య ముడిపడి ఉంది. "ఎవరు కట్టిండ్రు గిట్ల? ఇటు రా." రింగ్ అంచున ఇద్దరూ కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఫెయిత్ మొత్తం కట్టు విప్పి, మోకాలి మీద సాపు చేసి, బొటనవేలి నుంచి మొదలుపెట్టి మళ్లీ చుట్టసాగింది. అర్జూ ఒక్క చుట్టు కూడా వదలకుండా చూస్తోంది.

"ఇంకో రౌండు చేద్దామా?" అంది అర్జూ.

"నీకు ముక్కుల దూది ఉంది."

"ఉంటే ఉండనీ."

వజీరున్నీసా ఫోను మోగింది. మొహియుద్దీన్. దుకాణం వదిలేసి చాయ్ హోటల్ నుంచి చేస్తున్నట్టున్నాడు, వెనక నలుగురి గొంతులు వినబడుతున్నాయి. "ఎవరు గెలిచిండ్రు? జుల్ఫికర్ భాయ్ అడుగుతుండు, జల్ది చెప్పు!"

రింగ్ మీద ఇద్దరూ లేచి చెరో మూలకు వెళ్తున్నారు. వజీరున్నీసా పోయిన గొంతుతోనే, "జర ఆగుండ్రి. ఇంకా అయిపోలే" అని ఫోను పెట్టేసి, తాళ్ల దగ్గరికి కుర్చీ లాక్కుంది.